గంటా నలభై అయిదు

టికెట్ వద్దన్నా,
దూరం చెప్పు చాలు, అంది.

శుక్రవారం. మాలియాలో మా అంగడి ముందర
బస్సులు దిగినోళ్లు ఒకరి భుజాలు ఒకరు తట్టుకుంటా
ఊర్ల పేర్లతో పిలుచుకుంటున్నారు.
ఏయ్ గాలివీడూ, ఏమ్మే సుండుపల్లే, బాగుండావా.
వారానికి ఒక పూట రాయచోటి బస్టాండు
కువైట్ దాకా నడిచొచ్చి
చీకటి పడేసరికి వెళ్లిపోతుంది.

ఈ కుర్చీలో నాకు పదకొండేళ్లు.
మద్రాసు అయిదు గంటలు, హైదరాబాదు నాలుగున్నర,
సామాను ముప్పై కిలోలు, చేతిలో ఏడు.
నిద్రలో లేపి అడిగినా తప్పు చెప్పను.
కానీ అందరూ అడిగేది రేటు.
దూరం అడిగిన మనిషిని అప్పుడే చూడటం.

యాడికమ్మా?
షార్జాకి.

మిషన్ మీద కొట్టి చూశాను.
ఎనిమిది వందల యాభై కిలోమీటర్లు, కొంచెం అటూ ఇటూ.
గాల్లో గంటా నలభై అయిదు నిమిషాలు.
అక్కడి గడియారం మనకంటే ఒక గంట ముందు,
పదికి లేస్తే పన్నెండూ ముక్కాలుకు దిగుతారు.

మధ్యలో ఆ గంట ఎవరు తీసుకుంటారన్నా?
ఎవరూ తీసుకోరమ్మా, తిరిగొచ్చేటప్పుడు ఇచ్చేస్తారు.
నవ్వింది.
తీసుకున్నది తిరిగిచ్చే చోటు ఒకటుందా, అంది.
మళ్లీ తనలో తనే,
గంటా నలభై అయిదంటే
మా మామాకి మచ్‌బూస్ కుండ దించేలోపల
పోయి దిగొచ్చునే.

పేరు రెడ్డెమ్మ. ఖాదిం వీసా.
పాసుపోర్టు మామా పడకగదిలో, రెండో సొరుగులో.
మొగుడు ఓబులేసు షార్జాలో ఒక గోడౌన్‌లో
అట్టపెట్టెలకు టేపు వేస్తాడు.

బ్యాగులోంచి మడిచిన అట్టముక్క తీసింది.
టిష్యూ డబ్బాలొచ్చిన పెట్టె అంట.
షార్జా అని రాసుందని మామా కూతురు చదివి చెప్తే
కత్తెరతో ఆ మేరకు కోసి దాచుకుంది.
ఇది విమానంలో వచ్చిందా, లారీలోనా?
లారీలోనే, సౌదీ మీదుగా. మూడు రోజులు పట్టుంటుంది.
దీనికి వీసా?
దీనికి కాగితాలుంటాయమ్మా,
కఫీల్ ఉండడు.

టేపు వంకర పోయింది చూడు, ఆయప్ప చెయ్యే, అంది.
ఆ ఊర్లో టేపు వేసే చేతులు ఎన్ని వేలో
నాకు తెలుసు. చెప్పలేదు.

వాళ్లు కలుసుకునే దారి వేరే.
ఈమె ఇక్కడినుంచి మద్రాసుకు, అతను అక్కడినుంచి మద్రాసుకు,
రెండేళ్లకోసారి, ఇద్దరి సెలవులూ ఒకదానిమీద ఒకటి పడితే.
పోయినసారి పడింది తొమ్మిది రోజులు.
అందులో రెండు ఆధార్ ఆఫీసు కాడ,
ఒకటి చిన్నాయన చావు.
కువైట్ నుంచి షార్జాకి, వయా రాయచోటి.
ఆ రూటు నా మిషన్‌లో లేదు.

రాసియ్యన్నా, అంది.
టికెట్ కవరు వెనక రాసిచ్చాను,
850
1:45
మడిచి అట్టముక్కలో పెట్టుకుంది.

ఏ దిక్కు?
కుర్చీ దిగి బయటికొచ్చాను.
ఫోన్ల అంగడి బోర్డు పైన, ఆ ఏసీ డబ్బా కారుతుంది చూడు,
దానికి కొంచెం ఎడమకు.
అలా చూస్తా నిలబడింది.
నీటిచుక్క ఒకటి పడింది, ఇంకొకటి పడింది.
అవతల నుంచి ఎవరో, రెడ్డెమ్మక్కా, బస్సు, అని కేకేశారు.

లోపలికొచ్చి కూర్చున్నాను.
ఎవరో కొత్తాయన, చేతిలో టోపీ,
మద్రాసుకు ఎంత, అన్నాడు.
ఎనిమిది వందల యాభై, అన్నాను.
ఆయన నోరు తెరిచి
దీనార్లా, అన్నాడు.